మేస్త్రి గారు చెక్కిన డ్రాగన్ తల

మా పడవల మేస్త్రి గారు మొన్న మంగళవారం తెల్లవారుతూనే కొవ్వూరులో పోయారు. ఊపిరితిత్తుల జబ్బన్నారు డాక్టర్లు. నలభై ఏళ్లు రంపపు పొట్టు పీల్చిన మనిషికి ఇంకేం జబ్బు వస్తుంది? ముక్కుకు కట్టుకునే గుడ్డ కూడా ఏ యజమానీ ఇవ్వలేదు.

నేను టూరిస్టు బోటు ఇంజను నడుపుతాను. మీలో ఎవరైనా దాని ముందు ఫొటో దిగి ఉంటే, దాని ముక్కున ఉన్న డ్రాగన్ తల ఆయన చెక్కిందే. ఎక్కడో నార్వే పడవ బొమ్మ చూసి మా యజమాని మోజుపడ్డాడు. మేస్త్రి గారు ఉలి పట్టే ముందు నన్ను పిలిచారు.

"ఫోనులో చూసి చదవరా. ఎవరి పామో తెలీకుండా ఎలా చెక్కేది?"

పదో తరగతి తప్పినవాణ్ణి. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని "మళ్లీ చదువు" అని అడిగింది ఆయనొక్కరే. లోకం చుట్టూ సముద్రంలో పడుకుని తన తోక తానే కరచుకున్న పాము గురించి చదివాను. లోకాన్ని మోసే చెట్టు వేళ్లను అడుగున కొరికే నిధోగ్ అనే డ్రాగన్ గురించి చదివాను. ఆయన దగ్గి, రొమ్ము తట్టుకున్నారు. "ఈ కొరికేది మా ఇంట్లోనే ఉందిరా."

ఆయన మనసుకు పట్టింది వేరొకటి. ఆ పడవలవాళ్ల పాత చట్టం ప్రకారం, నేల కనబడకముందే పడవకున్న డ్రాగన్ తల తీసేయాలట. నోరు తెరుచుకుని వస్తే ఆ నేలను కాచే దేవతలు జడుసుకుంటారట.

"అదీ మర్యాదంటే," అన్నారు. లాగితే ఊడివచ్చేలా మెడకు చెక్క చీల పెట్టారు. రోజూ రేవు చేరేముందు నేను తల తీసేవాణ్ణి. రేవులో ఆయన దానికి తన తువ్వాలు కప్పేవారు.

యజమానికి మండింది. "తల లేకపోతే రేవులో ఫొటో ఎవడు దిగుతాడు? బోల్టులు బిగించెయ్."

బిగించాను, నాలుగు. ఉద్యోగం పోతుందని భయం. మర్నాడు మేస్త్రి గారు వాటిని వేలితో తడిమి, "గట్టిగానే బిగించావు," అన్నారు. మళ్లీ రేవుకు రాలేదు. తిట్టినా బాగుండేది.

మంగళవారం మధ్యాహ్నం పాడె రేవు మీదుగానే వెళ్తుందన్నారు. స్పానరు పట్టుకుని బోటెక్కాను. మూడు బోల్టులు వచ్చాయి. నాలుగోది తుప్పుపట్టి కదల్లేదు.

"ఏంట్రా అది? దాన్ని ముట్టుకుంటే రేపట్నుంచి రాకు," అని యజమాని గట్టు మీంచి అరిచాడు.

"రానండి," అన్నాను. రంపంబ్లేడుతో కోయడం మొదలుపెట్టాను.

డప్పులు మలుపు తిరిగేసరికి తల నా ఒళ్లో ఉంది. తువ్వాలు లేదు, చొక్కా విప్పి కప్పాను. పాడె మా ముందునుంచి వెళ్లింది. ఖాళీ మెడలో, ఆయన చీల కోసం తొలిచిన రంధ్రంలోంచి గోదావరి కనిపిస్తోంది.