పేరు అక్కడే ఉంది కదా సార్

మా ముత్తాత ముత్తారెడ్డి మాలీ పటేల్. శంషాబాద్ దగ్గర సాతంరాయి దాటి లోపలికి వెళ్తే వచ్చే నాలుగు ఊళ్ల శిస్తు ఆయన చేతి మీదుగా పోయేది. పటేల్‌గిరీ పోయాక కూడా మా తాత చంద్రారెడ్డి పటేల్ అనే పిలిపించుకున్నాడు. ఏ పంచాయితీ అయినా మా అరుగు మీదే తెగేది. కింద నిలబడ్డవాళ్లు ఆయన చెప్పేదాకా కూర్చునేవాళ్లు కాదు. నాన్న కాలానికి భూమి కొంత విమానాశ్రయం కిందికి, కొంత కోర్టుల కిందికి, మిగిలింది ఆయన ఇతరుల కోసం పెట్టిన జామీనుల కిందికి పోయింది. ఇప్పుడు ఆయన ఒక గోదాము గేటు దగ్గర యూనిఫాం వేసుకుని లారీల నంబర్లు రాసుకుంటాడు. బంధువులకు మేనేజరని చెప్తాం. నేను ఆయనకు ఒక్కతే కూతురిని.

ఇందులో పేర్లు మార్చాను. హోదాలు మార్చలేదు.

ఐదేళ్లుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. నేను అన్న మాటే. చిన్నది. అందులో అబద్ధం కూడా లేదు. అందుకే ఇంత బరువేమో. అబద్ధమైతే ఎప్పుడో బయటపడేది, నలుగురూ నన్ను తిట్టేవాళ్లు, అక్కడితో అయిపోయేది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు.

ఆమెను సుజాత అంటాను. వాళ్ల నాయనమ్మ మా పశువుల కొట్టంలో పెండ తీసింది. వాళ్ల నాన్న సత్తయ్య సాతంరాయి నుంచి శంషాబాద్‌కు షేర్ ఆటో నడుపుతాడు. ఇంజనీరింగ్‌లో మేమిద్దరం ఒకే క్లాసు. కాలేజీలో నన్ను పేరు పెట్టి పిలిచేది, నా డబ్బాలో చెయ్యి పెట్టి తినేది. మా ఇంటికి వస్తే మాత్రం అరుగు దగ్గరే ఆగేది. మా నాయనమ్మ ఆమెకు చాయ్ ఇచ్చే గ్లాసు వేరే ఉండేది, బయటి గూట్లో. నేను చూశాను. ఒక్కసారి కూడా ఏమీ అనలేదు.

ఇంటికి రావడం ఎందుకంటే ల్యాప్‌టాప్ నాకే ఉంది. అది కొనడానికి మా పెద్ద దర్వాజాను, చెక్కడాలున్న టేకు దర్వాజాను, షాద్‌నగర్ వైపు ఒక ఫంక్షన్ హాలు వాళ్లకు అమ్మారు. ఆ చోట రేకు తలుపు పెట్టారు. ల్యాప్‌టాప్ నాది. పని చేతనైంది ఆమెకు. నేను వీడియోలో రెండుసార్లు చూసినా అర్థం కానిది ఆమె కాలేజీ ల్యాబులో ఒకసారి విని, ఇంటికెళ్లి ఫోనులోనే రాసి చూసుకునేది.

ఒక వెబ్‌సైటు చెయ్యాలన్న ఆలోచన కూడా ఆమెదే. విమానాశ్రయంలో సామాన్లు మోసేవాళ్లు, ఊడ్చేవాళ్లు, వంటశాలల్లో పనిచేసేవాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. షిఫ్టులు ఎప్పుడంటే అప్పుడు మొదలవుతాయి, ఆటో ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. ఏ ఊరి నుంచి ఏ షిఫ్టుకు ఎవరి ఆటో ఎన్నింటికి కదులుతుందో ఒకే పేజీలో కనపడాలి. అంతే. ఆమె అడ్డాల చుట్టూ తిరిగి డ్రైవర్ల దగ్గర టైములు నోటుబుక్కులో రాసుకొచ్చింది. మొదటి వరుసలో వాళ్ల నాన్నను పెట్టింది: సత్తయ్య, సాతంరాయి, పొద్దున నాలుగున్నర.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సైటులు రాసేవాళ్లు తమ పనిని భద్రం చేసిన ప్రతిసారీ, ఏ మార్పు ఎవరు ఎప్పుడు చేశారో ఒక చిట్టా తయారవుతుంది. ఎవరు అన్నది దానికి నిజంగా తెలియదు. మొదటిరోజు ఆ కంప్యూటర్‌లో ఏ పేరు కొట్టి పెడితే ప్రతి మార్పు పక్కన అదే వేసుకుంటూ పోతుంది. ఎవరి పేరు కొట్టాలని సుజాత నన్ను అడిగింది. ల్యాప్‌టాప్ నాది కదా, నాదే కొట్టు అన్నాను.

“మంచిది. అరుగూ మీదే, పేరూ మీదే, కొట్టుడు ఒక్కటే మాది,” అని నవ్వుకుంటూ కొట్టింది.

నాలుగు నెలలు అలా గడిచాయి. నెట్ నా ఫోనుది. నెత్తి మీద విమానం పోతుంటే మాట వినపడదు కాబట్టి ఆమె వేలు పైకెత్తి ఆగేది, పోయాక సగంలో ఉన్న మాట అక్కడినుంచే అందుకునేది. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని ఒక బటన్‌కు నేను రంగు ఎంచాను. నా వంతు అదీ.

చివరి సంవత్సరం ఎవరి ప్రాజెక్టు వాళ్లే ఇవ్వాలన్నారు. ఆమెది ఆ ఆటోల సైటు, నాది మా వంశం గురించిన సైటు. ముత్తాత ఫొటో మీద నొక్కితే తాత రావాలి, తాత మీద నొక్కితే నాన్న రావాలి. నాన్న దగ్గర ఆగిపోయేది. ఎంత నొక్కినా తెల్లటి పేజీ. కారణం నాకు దొరకలేదు. సుజాతను అడిగితే పది నిమిషాల్లో సరిచేసేది. అడగలేదు. గూట్లో గ్లాసు ఉన్న మనిషిని మా తాతల పేజీ సరిచెయ్యమని ఎలా అడగను? ఆలోచన సరిగ్గా ఈ మాటల్లోనే వచ్చింది. ఇప్పుడు మెత్తగా మార్చి రాయగలను. మార్చను.

గడువుకు ఒకరోజు ముందు ఆమె సైటును నాదిగా ఇచ్చాను.

ఎందుకు? ఓడిపోతానన్న భయమా? భయమైతే ఎవరి ముందైనా ఉండాలి. నాకు ఆమె ముందు మాత్రమే ఉండేది. క్లాసులో ఇంకెవరు నన్ను దాటిపోయినా నాకు నిద్ర పట్టేది. ఇచ్చే ముందు రంగులు మార్చాను. మొదటి వరుసలో సత్తయ్య పేరు తీసేసి, లేని మనిషి పేరొకటి పెట్టాను. రంగులు కాక, ఆ ప్రాజెక్టులో నేను సొంతంగా చేసిన పని అదొక్కటే.

మరునాడు ఆమె కూడా ఇచ్చింది. రెండూ ఒకటేనని తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇద్దరినీ డిపార్ట్‌మెంట్ హెడ్ గదికి పిలిచారు. ఇది నా పని సార్, వాళ్లింటి అరుగు మీద కూర్చుని రాసిన అని సుజాత చెప్పింది. సారు చిట్టా తెరిచి కిందికి జరుపుతూ పోయారు. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా నా పేరే. ఆయన చెడ్డమనిషి కాదు. కళ్లద్దాలు తీసి నన్ను సూటిగా అడిగారు, ఇది రాసింది ఎవరమ్మా అని.

నేను వెన్ను నిటారుగా పెట్టి నిలబడ్డాను. మా ఇంట్లో అందరం అలాగే నిలబడతాం.

“పేరు అక్కడే ఉంది కదా సార్,” అన్నాను.

సుజాత ప్రాజెక్టును కాపీ అని కొట్టేశారు. ఇంకో ఏడాది చదివి మళ్లీ ఇవ్వాలన్నారు.

ఆ సాయంత్రం శంషాబాద్ బస్టాపులో నా పక్కకు వచ్చి నిలబడింది.

“నువ్వు చెప్తవని చూసిన. ఇద్దరం కూసొని రాసినం సార్ అన్నా నడుస్తుండె. సగం నీకిచ్చేదాన్ని.”

“నేనేం అబద్ధం చెప్పలే.”

“చెప్పలే. గా పేరు నా చేతుల్తోనే కొట్టిన.”

విమానం వచ్చింది. అలవాటుకొద్దీ ఇద్దరం ఆగాం. అది పోయాక ఆమె నా వైపు తిరిగింది.

“మా నాయిన పేరెందుకు తీసేసినవ్? గదొక్కటి ఉంచితే నీకేం పోతుండె?”

నేను బస్సు వచ్చే వైపు చూస్తూ ఉండిపోయాను.

“సరే పటేలమ్మా, పోతున్న,” అంది.

వాళ్ల నాయనమ్మ మా నాయనమ్మను పిలిచే పిలుపు అది. నన్ను అలా పిలవడం అదే మొదటిసారి, చివరిసారి. మళ్లీ ఏడాది చదివించే స్తోమత సత్తయ్యకు లేదు. ఆమె కాలేజీకి రాలేదు. ఆ పిల్ల వస్తలేదేందని కొన్నాళ్లకు నాయనమ్మ అడిగింది. చదువు మానేసిందన్నాను. వాళ్లకు చదువు ఎక్కడ నిలుస్తదిలే అని నాయనమ్మ గ్లాసును గూట్లోంచి తీసి కొట్టంలో పడేసింది.

ఆ ప్రాజెక్టు చూసే నాకు బుద్వేల్ దగ్గర ఒక ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారు. ఏ కొత్త కంప్యూటర్ ఇచ్చినా మొదట నా పేరు కొట్టాలి. కొడతాను. డ్రైవర్లు వాడుతున్న ఆ సైటు, దాని చిట్టా నా ఖాతాలోనే ఉండేవి. చూడలేక ఆపేశాను, ఖాతా మూసేశాను. కొన్ని రోజులు డ్రైవర్లు ఏమైందని సత్తయ్యను అడిగారట.

పోయిన నెల ఆఫీసు పని మీద విమానమెక్కడానికి వెళ్లాను. లోపల నేల తుడిచే బండి తోసుకుంటూ సుజాత ఎదురొచ్చింది. పొద్దుటి షిఫ్టు. ఏ ఆటోలో వచ్చిందో నాకు తెలుసు. నన్ను చూసి బండి పక్కకు జరిపి దారి ఇచ్చింది. నేను అద్దంలోంచి బయటికి చూస్తూ ఆ దారినే నడిచిపోయాను.

సారుకు ఉత్తరం రాద్దామని ఎన్నోసార్లు కూర్చున్నాను. ఏమని? సాక్ష్యం ఏదంటే ఏం చూపించను? ఒకప్పుడు ఉండేది. చిట్టాలో ప్రతి మార్పు పక్కన పేరుతోపాటు ఒక ముక్క రాసుకోవచ్చు. సుజాత రాసేది: నాయిన టైం మార్చిన. విమానం పోయినంక మళ్ల చూసిన. పటేలమ్మ చాయ్ ఇచ్చింది, రేపు చేస్త. పటేలమ్మంటే మా నాయనమ్మ. ఆ గదిలో అందరూ పేర్లే చూశారు, ఆ ముక్కలు ఎవరూ చదవలేదు. నేను చదివాను. ఆ మధ్యాహ్నం ఆ గదిలో నిలబడి ఉన్నప్పుడు కూడా అవి అక్కడున్నాయని నాకు తెలుసు.

ఇది రాసినందువల్ల సుజాతకు ఒరిగేదేమీ లేదు. ఆమె దీన్ని చదవదు. చదివినా క్షమించాల్సిన పని లేదు, అడిగే ముఖం నాకు లేదు. గొంతులో ఉన్నది కాగితం మీదికి వచ్చింది. కొంచెం ఊపిరి ఆడుతోంది. అంతకు మించి ఏమీ లేదు.

ఆ ల్యాప్‌టాప్‌ను ఉద్యోగంలో చేరిన నెలలోనే పాత సామాన్ల దుకాణంలో అమ్మేశాను. అమ్మే ముందు అందులో ఉన్నదంతా తుడిచి ఇచ్చాను.