నీళ్ల డ్రమ్ముల వెనక సిగ్నల్

మా ఇంట్లో వైఫై పెట్టె అంగట్లో ఉంటుంది. అది దాని చోటు కాదని నాకూ తెలుసు. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కేబులతను వీధిలోంచి తీగ లాగి, కిటికీ సందులోంచి లోపలికి దూర్చి, చేతికందిన చోట, అంటే సబ్బుల అర కింద, పెట్టెను మేకుకు తగిలించి చక్కా పోయాడు. తీగ ఒక్క మూర కూడా మిగల్చలేదు. అది గాజు తీగ, గట్టిగా లాగితే విరుగుతుందట. పెట్టె కాస్త పైకి మార్చిపొమ్మని ఎప్పుడు ఫోన్ చేసినా "రేపొస్తానక్కా" అంటాడు. ఆ రేపు ఎప్పుడొస్తుందో ఏడుకొండలవాడికే తెలియాలి.

మాది వడమాలపేట. మూడు గదులు ఒకదాని వెనక ఒకటి ఉండే పొడుగాటి ఇల్లు. ముందు గదిలో మా అత్త చిల్లర అంగడి, వెనక గదిలో నా పని, నడిమి గదిలో వంటా, పడకా, మిగతా సంసారమంతా. మా ఆయనకు సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఆదివారం మాత్రమే ఇంటి మొహం చూస్తాడు. పాప ఆరో తరగతి. నేను చెన్నైలోని ఒక కంపెనీకి ఇంటి నుంచే ఆసుపత్రి బిల్లులు సరిచూస్తాను. తేడా కనబడితే ఫోన్లో మాట్లాడి తేల్చాలి. రోగుల సంగతులు కదా, తలుపు మూసిన గదిలోనే కూర్చోవాలని కంపెనీ నియమం. అంగట్లో "అమ్మా, ఒక షాంపూ పాకెట్" అనే కేకల మధ్య కుదరదు. నడిమి గదికి తలుపే లేదు.

వెనక గదికి వచ్చేసరికి సిగ్నల్ ప్రాణం పోయేది. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌ను చంటిబిడ్డలా చంకనేసుకుని గదంతా తిరిగాను. కిటికీ మీద పెట్టాను, మంచం మీద పెట్టాను, బియ్యం డబ్బా మీద పెట్టాను. తీగ గుచ్చుదామంటే ల్యాప్‌టాప్‌కు ఆ రంధ్రమే లేదు, వేరే పరికరం ఏది తగిలించినా కంపెనీ అందులో పెట్టిన తాళం ఒప్పుకోదు. సిగ్నల్ పెంచుతుందంటే తిరుపతి పోయి ఒక చిన్న డబ్బా కూడా కొనుక్కొచ్చాను. నడిమి గదిలో ఉన్న ఒకే ఒక్క ప్లగ్గు నీళ్ల డ్రమ్ముల వెనక, మోకాళ్ల ఎత్తున ఉంది. అక్కడే గుచ్చాను. పచ్చ లైటు వెలిగింది. అంతకు మించి ఏమీ జరగలేదు.

నన్ను పిచ్చిదాన్ని చేసింది ఇంకొకటి. ఒక్కో రోజు సిగ్నల్ దివ్యంగా ఉండేది, మర్నాటికి మాయం. మబ్బు వల్లనుకున్నాను, పక్కింటి మిక్సీ వల్లనుకున్నాను. చివరికి ఒకనాడు పని ఆపి నడిమి గదిలోకి వస్తే, మా అత్త అప్పుడే పంచాయతీ నీళ్లు పట్టడం ముగించి డ్రమ్ముల మీద మూతలు పెడుతోంది. అప్పుడు వెలిగింది నాకు. నీళ్లొచ్చిన రోజు సిగ్నల్ చచ్చిపోతుంది. డ్రమ్ములు అడుగంటేకొద్దీ లేచి కూర్చుంటుంది.

నెట్‌లో వెతికితే నిజమేనని తేలింది. వైఫైకి నీళ్లంటే పడదట, నీళ్లు దాన్ని తాగేస్తాయట. అంగట్లో పెట్టె, వెనక గదిలో నా బల్ల, మధ్యలో గోడ పొడుగునా నీలం డ్రమ్ములు, వాటి మీద స్టీలు బిందెల వరుస. నా ఉద్యోగానికి అడ్డంగా మా అత్త కట్టిన ఆనకట్ట.

"అత్తా, డ్రమ్ములు దొడ్లో పెట్టుకుందాం" అన్నాను.

"నీళ్లకూ నీ మిషన్‌కూ ఏం సమ్మందం మే? సదువుకున్నదానివి, నవ్విపోతారు ఎవురైనా" అంది.

"సమ్మందం ఉండాది. ఫోన్లో సూపిస్తా రా."

"నీ ఫోన్ పెట్టు ఆడ. దొడ్లో పెడితే కోతులు మూతులు పెడతాయి. మర్సిపోయినావా?"

మరిచిపోలేదు. డ్రమ్ములు ఒకప్పుడు దొడ్లోనే ఉండేవి. ఒక కోతిపిల్ల మూత తోసి లోపల పడి చచ్చింది. అవి ఇంట్లోకి వచ్చింది ఆ రోజే. మా దగ్గర నీళ్లు వచ్చినప్పుడే వస్తాయి. మా అత్త నీటిచుక్కను పాలచుక్కలా చూస్తుంది. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు, గిన్నెలు తొలిచిన నీళ్లు వాకిలికి. కాళ్లు కడుక్కోవడానికి రెండో చెంబు ముంచితే ఆ పూటంతా సణుగుడే. అలాంటి మనిషితో నీళ్లు అడ్డమని చెప్పడం నాదే బుద్ధి తక్కువ. మాటా మాటా పెరిగింది. ఆమె మాట్లాడడం మానేసింది, నేనూ మానేశాను. ఒకే పొయ్యి దగ్గర ఇద్దరం మూగనోము పట్టాం.

అంతలో కంపెనీ నుంచి కబురొచ్చింది. ఇంటి లైన్లు బాగాలేని వాళ్లందరికీ పరీక్ష పెడతారట. గంటసేపు కాల్‌లో ఉంచి చూస్తారు. మాట తెగిందా, పెట్టే బేడా సర్దుకుని చెన్నై ఆఫీసుకు రావాల్సిందే.

చెన్నై అంటే నాకు భయం. పాప మూడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు అక్కడ హాస్టల్లో ఉండి పనిచేశాను. రెండేళ్లు పిల్లను అత్త చేతిలో పెట్టి, శనివారం సాయంత్రం వచ్చి ఆదివారం సాయంత్రం బస్సెక్కేదాన్ని. బస్సులో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేదాన్ని. మళ్లీ ఆ బతుకు నా వల్ల కాదు. ఉద్యోగం మానేద్దామంటే ఇంటి అప్పు మా ఆయన ఒక్కడి మీద పడుతుంది. ఎటూ దారి లేదు.

మా ఆయనకు ఫోన్ చేసి ఏడ్చాను. "పరీక్ష సోమవారమే కదా. ఆదివారం నేనొచ్చి డ్రమ్ములు జరిపిస్తాలే, అమ్మకు నేను సెప్తా" అన్నాడు. కాస్త ఊపిరి పీల్చుకున్నాను. శుక్రవారం సాయంత్రం నీళ్లొచ్చాయి. మా అత్త అంచులదాకా నింపింది. శనివారం పొద్దున కంపెనీ మెసేజ్: మీ పరీక్ష ఈ రోజు మధ్యాహ్నానికి మార్చాం.

నిండు డ్రమ్ము జరపడం ఇద్దరాడవాళ్ల వల్ల అయ్యే పని కాదు. మూగనోము పక్కనబెట్టి అత్తకు విషయం చెప్పాను. ఔననలేదు, కాదనలేదు. నేను తలుపేసుకుని కూర్చున్నాను.

కాల్ మొదలైన కాసేపటికే మా మేనేజరమ్మ మొహం తెర మీద బొమ్మలా బిగుసుకుపోయింది. నా మాట ఆమెకు ముక్కలు ముక్కలుగా పోతోంది. "హలో, హలో" అని అరుస్తున్నాను. ల్యాప్‌టాప్ ఎత్తి పట్టుకున్నాను, దించాను, కిటికీ దగ్గరికి పరిగెత్తాను. ఆమె గొంతు ఒక్కటి తెగి తెగి వచ్చింది. "ఇంకోసారి ఇలాగైతే ఇక్కడితో ఆపేద్దాం. సోమవారం నుంచి ఆఫీసుకు వచ్చెయ్యండి." అయినా "హలో" అంటూనే ఉన్నాను.

నడిమి గదిలో ఏదో ధబీమని పడింది. మళ్లీ ఇంకొకటి. బిందెలు దొర్లిన చప్పుడు. లేవడానికి లేదు, కెమెరా ముందు నుంచి కదలకూడదు. చూస్తుండగానే తెర మీద మేనేజరమ్మ కళ్లార్పింది. మాట స్పష్టంగా వినిపించింది. సిగ్నల్ గీతలు నిండాయి. అదే సమయానికి నా అరికాళ్లకు చల్లగా తగిలింది. తలుపు కింద నుంచి నీళ్లు లోపలికి వస్తున్నాయి. నేల మీదున్న ప్లగ్గుల పెట్టెను కాలి బొటనవేలితో పైకెత్తి, రెండు కాళ్లూ కుర్చీ కమ్మీ మీద పెట్టుకుని, మొహాన నవ్వు పులుముకుని బిల్లుల సంగతి చెప్పుకుపోయాను. గంట గడిచింది. మాట తెగలేదు. "ఇప్పటికి సరే. నెలనెలా చూస్తుంటాం" అందామె.

తలుపు తీశాను. జరపలేని నీలం డ్రమ్ములన్నీ, అంచు పట్టి లాగి పడదోసినట్టు, పక్కకు ఒరిగి పడున్నాయి. నీళ్లు అటు దొడ్లోకి, ఇటు అంగడి గడప దాటి వీధిలోకి పోతున్నాయి. మా అత్త చీర మోకాళ్లదాకా ఎగదోపుకుని, చక్కెర మూటను ఎత్తు మీదికి జరిపి, తడిగుడ్డ పిండుతోంది.

"అయ్యో, ఏం జేసినావత్తా!" అన్నాను.

"మాట్లాడినావా?"

"మాట్లాడినా."

"తెగలేదు గదా?"

"లేదు. నువ్వు నా మాట నమ్మలేదు గదత్తా."

"ఇప్పుడు గూడా నమ్మను" అంది, తల ఎత్తకుండా. "తలుపు కాడ నిలబడుకోని ఇంటే నువ్వు హలో హలో అని ఏడస్తాండావు. నాకింకేమీ తోసలేదు."

నేను బిందె నిలబెట్టబోయాను. ఆమె ఆపింది.

"నీకు సెప్పగూడదనుకున్నా. నువ్వు సెన్నైలో ఉన్నెప్పుడు పాప నన్ను అమ్మా అని పిలిసేది. నువ్వొచ్చే శనివారం పొద్దున్నించీ కూసోబెట్టి, అమ్మ కాదు నాయనా, అవ్వ అను, అవ్వ అను అని నేర్పిచ్చేదాన్ని. నువ్వుండే రోజు నోరు జారనీకుండా. నువ్వు బస్సెక్కినాక మళ్లా అమ్మా అనేది. నేను పలికేదాన్ని."

కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఆ తడి నేల మీదే కూలబడి ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు. గుడ్డ పిండుతూనే ఉంది.

బడి వ్యాను వీధిలో ఆగింది. పాప బ్యాగు అంగట్లో పడేసి, "అమ్మా, నీళ్లు!" అని అరిచింది. ఇద్దరం ఒక్కసారే తల తిప్పాం. మా అత్త చప్పున కిందికి చూసింది.

ఇంట్లో చుక్క నీళ్లు లేవు. నేను బిందె తీసుకుని పక్కింటికి నీళ్లడగడానికి వెళ్లాను.