కళ్ళల్లోని పసుపు

మలికిపురంలో మా స్టూడియోలో ఫొటోలు తీసేది మావారు, కంప్యూటర్లో రంగులు సరిచేసేది నేను. బడికి వెళ్ళినదాన్ని కాను. నాన్నగారు ఇంట్లో చెప్పిన చదువే. ఆయనకీ, ఈ పని విసుక్కోకుండా నేర్పిన మావారికీ రోజూ దీపం పెట్టేటప్పుడు మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

లైటువల్లో, పక్కనున్న గోడవల్లో ఒక్కోసారి మొహానికి లేని రంగు అంటుకుంటుంది. అది పోవాలంటే ఫొటోలో తెల్లగా ఉండాల్సిన చోట మౌసుతో నొక్కాలి. ఆ చోటు తెల్లబడి, మిగతా రంగులన్నీ దాన్నిబట్టి సర్దుకుంటాయి. ఆడవాళ్ళ ఫొటోల్లో చీరా రవికా అన్నీ రంగులే కనక, కంట్లో తెల్లగుడ్డు మీద నొక్కడం నాకు అలవాటైపోయింది.

మొన్న శ్రావణంలో, ముసురు పట్టి వదలని రోజున, సముద్రం వైపు నుంచి రొయ్యల చెరువులున్న పెద్దాయన ఒకరు వచ్చేరు. వేసవిలో భార్యతో కలిసి మా దగ్గరే ఫొటో తీయించుకున్నారట. అప్పుడది మావారే చేసి ఇచ్చేరు.

"మా ఆవిడ పోయిందమ్మా. కామెర్లండీ. పసరు పోయించేం, అమలాపురం తీసుకెళ్ళేం. చూసుకునేటప్పటికే ముదిరిపోయిందండీ. పెద్దకర్మకి ఆవిడొక్కదాని ఫొటో పెద్దది కావాలండీ."

"కూర్చోండి బాబాయిగారూ" అని, పాత ఫొటో వెతికి, ఆవిడ మొహం వరకూ కత్తిరించేను. బాగా పసుపుపచ్చగా ఉంది. లైటు దోషమనుకుని కంట్లో నొక్కేను.

ఆయన ముందుకి వంగి చూసేరు. "ఈవిడెవరండీ?"

"పిన్నిగారేనండీ."

"పసుపేదమ్మా? పసుపు రాసుకోకుండా గుమ్మం దాటేది కాదండీ. గోడకి సున్నం కొట్టినట్టు అదేం పూతే అని నేనంటే, మీ మొహానికి పూయట్లేదుగా, మీకేం నొప్పి అనేదండీ."

పుణ్యస్త్రీగా వెళ్ళిన మనిషి మొహాన పసుపు చెరిపేసేనే అని ప్రాణం ఉసూరుమంది. వెంటనే మొదటి రంగు తెచ్చేను.

"ఆయ్, ఇదండీ మా ఆవిడ" అన్నారు. మళ్ళీ తెరకేసి వంగేరు. "కళ్ళేంటమ్మా, అలా ఉన్నాయి?"

"లైటు వల్లేమోనండీ."

"పక్కన నేనుండాలి కదండీ. మొత్తం చూపించండోసారి."

కత్తిరించని ఫొటో తెరిచేను. ఆయన ఒంటి మీద ఇస్త్రీ చొక్కా. తెల్లగా, ఏ రంగూ అంటకుండా ఉంది. లైటులో దోషమేం లేదు. ఆయన తన చొక్కాకేసీ, ఆవిడ కళ్ళకేసీ మార్చి మార్చి చూసేరు.

"నా చొక్కా తెల్లగానే ఉందండీ."

"ఆయ్" అన్నాను.

"అయితే వేసవికే ఉందన్నమాట." కాసేపు బయట వానకేసి చూసేరు. "రోజూ ఎదురుగా కూర్చుని అన్నం పెట్టేదమ్మా. ఎప్పుడూ ఉండే పసుపు మొహమే కదా అనుకునేవాణ్ణి. కళ్ళల్లోకి ఎవడు చూసేడండీ?"

మంచినీళ్ళిచ్చేను. తాగలేదు.

గ్లాసు పక్కన పెట్టి అన్నారు. "కళ్ళు తెల్లగా చేసెయ్యండమ్మా. పసుపు మాత్రం ఉంచండి. పిల్లలు ఈ కళ్ళు చూడకూడదండీ."

కళ్ళు మాత్రం తెల్లగా చేసేను. ఆ మొహంలో పసుపెంతో, జబ్బెంతో విడదీయడం నాకు చేతకాలేదు. అలాగే వదిలేసేను. ఆయన తెర మీదున్న ఆవిణ్ణే చూస్తూ, "బాగుందమ్మా. ఏ జబ్బూ లేనట్టుంది" అన్నారు.