వెనక వరసలోంచి వచ్చిన జవాబు

1967 జనవరి 26, ఉదయం. ఆబిడ్స్‌లో ఒక సంఘం వారి సభాభవనం. ఉన్నవాళ్లు: మా అక్కయ్య కాంతమ్మ, నేను, అక్కయ్య మరిది సుబ్బారావు, సంఘం కార్యదర్శి, ముఖ్య అతిథి, హాలు నిండా జనం. ఆనాటి డైరీలో ఇంతే ఉంది. తక్కినది రాయడానికి ఆ రాత్రి నాకు చెయ్యి ఆడలేదు.

దయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. కళ్లతో చూసినదాన్ని కూడా రెండోసారి సరిచూసుకుంటాను. అయినా ఇది రాస్తున్నానంటే, ఆనాటి కోపం ఇంకా చల్లారకే.

రామం అక్కయ్య ఒక్కగానొక్క కొడుకు. రాష్ట్రం ఏర్పడిన ఏడాది బావగారి ఉద్యోగంతో పాటు వాళ్లు గుంటూరు నుంచి నాంపల్లి వచ్చారు. బావగారు పోయాక రామం కాలేజీ మానేసి పదాతి దళంలో చేరాడు. సెలవుకి వచ్చినా ఆ అలవాట్లు వదిలేవి కావు. కిరసనాయిలు క్యూలో డీలరు పేరు పిలిస్తే మడమలు కలిపి "హాజిర్ సాబ్!" అని అరిచేవాడు.

"నాకు సెల్యూట్ కొడితే ఇంకో సీసా రాదు బిడ్డా" అని డీలరు నవ్వేవాడు.

అరవై అయిదు యుద్ధంలో, వెనక్కి తగ్గమని ఆజ్ఞ వచ్చాక కూడా, గాయపడిన ఇద్దరిని రామం ఒక్కొక్కరినే భుజాన వేసుకుని కాలవ గట్టు ఇవతలికి తెచ్చాడు. మూడోవాడి కోసం వెళ్లి తిరిగి రాలేదు. బతికిన ఇద్దరిలో ఒకడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, అక్కయ్య కాళ్ల దగ్గర కూర్చుని ఇదంతా చెప్పాడు. ఢిల్లీలో పతకాన్ని అక్కయ్య చేతికే ఇచ్చారు. ఆమె నుదుట బొట్టు ఉందా లేదా అని అక్కడెవరూ చూడలేదు.

ఆబిడ్స్‌లో చూశారు. సభ మొదలవబోతుండగా, రామం పేరిట ఇచ్చే శాలువా సుబ్బారావు అందుకుంటాడని కార్యదర్శి నాతో చెప్పాడు.

"జర ఏమనుకోకున్రి సార్. ముత్తయిదువలు హారతి పడుతున్నరు. పెద్దమ్మ గాడ ముందట కూసుంటే నలుగురు నాలుగు మాటలంటరు. చిన్నాయన ఉన్నడు గద, తీసుకుంటడు."

"వాణ్ణి కన్నది ఆవిడ. గుండు శకునం చూసుకుని తగిలిందా వాడికి?" అన్నాను.

"గట్ల గరం గాకున్రి."

సుబ్బారావు వంక చూశాను. అతను కండువా సర్దుకుంటున్నాడు.

"ఊరుకోరా. వాడి పేరు చెవిన పడితే చాలు నాకు" అని అక్కయ్య చివరి వరసకు నడిచింది. గోడ పక్కన ఒక కుర్చీ వదిలి కూర్చుంది. ఇటు పక్కన నేను.

ముఖ్య అతిథి చాలాసేపు తన గురించే మాట్లాడాడు. చివర్లో, రామం వందమంది శత్రువులను చంపాడన్నాడు. చప్పట్లు మోగాయి. వాడు మోసుకొచ్చిన ఇద్దరి ఊసు ఎవరూ ఎత్తలేదు. నేను పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను.

కార్యదర్శి మైకులో రామం పేరు చదివాడు. ముందు వరసలో సుబ్బారావు లేచాడు.

"హాజిర్ సాబ్!"

అక్కయ్యకు అవతల, ఖాళీ కుర్చీ దగ్గరనుంచి వచ్చింది. రామం గొంతే. మడమల చప్పుడుతో సహా.

హాలంతా వెనక్కి తిరిగింది. కార్యదర్శి తడబడి మళ్లీ పేరు చదివాడు. మళ్లీ అదే జవాబు, ఇంకా గట్టిగా. సుబ్బారావు కూలబడ్డాడు. అక్కయ్య లేచి, కుర్చీల మధ్యనుంచి మెల్లగా నడిచి వేదిక ఎక్కింది. ఎవరూ ఆపలేదు. శాలువా ఆమెకే కప్పారు.

జనం వెళ్లాక ఆ మూలంతా వెతికాను. కుర్చీ అవతల గోడ. గోడకి కిటికీ లేదు. హాలు ఊడుస్తున్న వాచ్‌మన్‌ని అడిగాను.

"ఔ సార్, గేటు కాడికి ఇనొచ్చింది. ఎవలో మిలిటరీ ఆయన వచ్చిండనుకున్న" అన్నాడు.

మర్నాడు ఉదయం అక్కయ్య కాఫీ తెచ్చినప్పుడు, వాడి గొంతు గుర్తుపట్టావా అని అడిగాను.

"ఏ గొంతు?" అంది.

ఆమెకేమీ వినిపించలేదు. అందరూ తన వంక చూస్తుంటే, పిలుస్తున్నారేమోననుకుని వెళ్లిందట. ఆమెను వెనక్కి నెట్టిన వాళ్లందరికీ వినిపించి, కన్నతల్లికి వినిపించకపోవడమేమిటో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో కూడా తెలియదు.

జరిగింది చెప్పాను. అక్కయ్య గ్లాసు కింద పెట్టింది.

"బాగానే ఉందా గొంతు?" అని అడిగింది తరవాత. "కిందటిసారి వెళ్లేటప్పుడు జలుబు చేసి బొంగురుపోయింది."