క్లచ్ పెడల్ మెత్తగా ఉంది

మా మిలిటరీ సెక్షన్ చాందా చేరింది ఉదయం ఆరున్నరకు. చంద్రాపూర్‌ను అప్పుడు అట్లాగే అనేవాళ్లు. కామఠీ కంటోన్మెంట్ నుంచి దారి పొడవునా వాన. మూడు ట్రక్కులు, పన్నెండు మంది, నాలుగు చుట్టల తాడు, రెండు రేడియోలు. పడవ మరుసటి రోజు వస్తుందన్నారు. ఇరై నది పొంగింది. హుకుం ఒక్కటే: పల్లంలో ఉన్నవాళ్లను బాబుపేట్ బడికి చేర్చాలి.

నేను రెండో ట్రక్కు డ్రైవర్ని. మా ఊరు రాజురా దగ్గర. నేను పుట్టినప్పుడు అది నిజాం రాజ్యం, ఆదిలాబాద్ జిల్లా. నాకు మీసాలొచ్చేసరికి మహారాష్ట్ర. ఇల్లు అదే, చేను అదే, సర్కారు కచేరీ భాష మారింది. మరాఠీ బడికి పంపితే మాస్తరు మాట అర్థం కాక మూడో నెలలో మానేశా. నా చదువు అంతే.

పల్టన్‌లోనూ అప్పుడు అన్నీ మారుతున్నాయి. పాత బళ్లు పోయి కొత్తవి వచ్చాయి. పాతవాటిలో క్లచ్ ఇనుప కడ్డీతో పనిచేసేది, కొత్తవాటిలో ఆయిల్‌తో. పెడల్ తొక్కితే పైనున్న సిలిండర్ సన్న గొట్టంలోకి ఆయిల్‌ను నెడుతుంది. ఆ ఆయిల్ కింద గేర్‌బాక్స్ పక్కనున్న చిన్న సిలిండర్‌ను తోస్తుంది. అప్పుడే గేరు పడుతుంది. గొట్టంలో గాలి చేరితే పెడల్ మెత్తబడుతుంది. ఆయిల్ అణగదు, గాలి అణుగుతుంది. సంగతి ఇంతే.

బళ్లతో పాటు కొత్త పద్ధతి ఒకటి వచ్చింది. బండికొక పుస్తకం. ఏ లోపం కనిపించినా డ్రైవరే తన చేత్తో అందులో రాయాలి. అంతకు ముందు నోటితో చెబితే ఫిట్టర్ చూసేవాడు. ఇప్పుడు రాయనిదే ముట్టడు. నాకు సంతకం ఒక్కటే వచ్చు. భర్తీలో ఛాతీ చూశారు, కళ్లు చూశారు, చదువు పరీక్ష ఎట్లాగో దాటించారు. రాయడం రాదని ఎవరికీ చెప్పలేదు. సిగ్గు.

కామఠీ వదలకముందే పెడల్ మెత్తగా తగిలింది. రెండుసార్లు గబగబా తొక్కితే గట్టిపడింది. గట్టిపడింది కదా అని వచ్చేశా. పుస్తకంలో ఆ పేజీ ఖాళీ.

పొద్దున్నించి మూడు ట్రిప్పులు వేశా. నాలుగోది పద్మాపూర్ దారిలో ఒక ఇటుకబట్టీకి. వెళ్లేసరికి పన్నెండూ నలభై. దారిలో ఏటి మీద ఎత్తు తక్కువ వంతెన, దాని మీద మోకాలి కింద వరకు నీళ్లు. బట్టీ దగ్గర ఇరవై ఒక్క మంది, అందరూ తెలుగువాళ్లే. రెండేళ్లుగా తెలుగు మాట వినలేదు నేను. ప్రాణం లేచొచ్చింది.

పదహారు మందికి మించి ఎక్కించొద్దని హవల్దార్ ఆర్డర్. ముసలివాళ్లను, పిల్లలను ముందు ఎక్కించింది లసుమమ్మ అనే ఆమె. నలభై ఏళ్లుంటాయి. ఆమె, ఆమె మరిది, ఇంకో ముగ్గురు మిగిలారు. ఆమె ఒక మేకపిల్లను పట్టుకుంది. దాని తాడు రెండో కొస తన ముంజేతికి కట్టుకుంది.

"ఏందక్కా, మేకకు సంకెలేసినవ్?" అన్నా.

"ఎయ్యకుంటె నాకన్న ముందు ఇదే మీ మిల్ట్రీల జేరుతది" అంది. ట్రక్కులో ముసలివాళ్లు కూడా నవ్వారు.

చీలమండల దాకా నీళ్లొచ్చాయి. అక్కడ ఎత్తున్నది బట్టీ ఒక్కటే, రెండు నిలువుల ఎత్తు. దాని మీద ఎక్కి కూర్చోమన్నా.

"గది పచ్చి ఇటుకల బట్టీ తమ్మీ. ముందుగాల్నే వానలొచ్చినయ్, కాల్చలే."

"గంటసేపు ఆగదా?"

"గంటకేం గాదు. నువ్వొస్తవ్ గదా?"

"వస్త అక్కా."

ఒంటి గంటా పదికి కదిలా. ఒకటీ ముప్పై అయిదుకు బాబుపేట్ బడి. అందరినీ దించి పెడల్ తొక్కితే నేలకంటింది, పైకి రాలేదు. పదిసార్లు తొక్కినా అంతే. గేరు పడలేదు, కీచుమంది. బానెట్ ఎత్తి చూస్తే ఆయిల్ డబ్బా అడుగంటింది. బండి కిందికి దూరా. చిన్న సిలిండర్ మీది రబ్బరు టోపీ వెనక్కి లాగితే ఆయిల్ బొటబొటా కారింది. లోపలి వాషర్ పోయింది.

బడి దగ్గర హవల్దార్‌తో ఉన్న మా రేడియో ఆయన ఫిట్టర్‌ను పిలిచాడు. ఫిట్టర్ మిగతా రెండు ట్రక్కులతో వర్ధా నది అవతల, రాజురా రోడ్డులో ఉన్నాడు. ఆ బళ్లూ తానూ సాయంత్రం దాకా రాలేమన్నాడు.

"గేర్లో వేసే స్టార్ట్ చేస్తా సాబ్, క్లచ్ లేకుండా తీసుకుపోతా" అన్నా హవల్దార్‌తో.

"వంతెన మధ్యలో ఆగాల్సొస్తే ఏం చేస్తావ్? మనుషులను ఏట్లో పోస్తావా?" అన్నాడు. అతను చెప్పింది నిజమే. తర్వాత అడిగాడు: "కామఠీలో బాగానే ఉందా ఇది?"

"బాగానే ఉంది సాబ్" అన్నా.

సిలిండర్ ఊడదీశా. ఇసుక రేణువు వాషర్ అంచు కోసింది. ఇంకోటి లేదు. దాన్నే కడిగి, కోత పైవైపు వచ్చేట్టు తిప్పి పెట్టా. ఇక గాలి తీయాలి. ఆ పనికి ఇద్దరు కావాలి. రేడియో ఆయన పెడల్ మీద, నేను బురదలో వెల్లకిలా. సిలిండర్ మీద గాలి వదిలే నిప్పల్‌కు రబ్బరు గొట్టం తగిలించి, రెండో కొస ఆయిల్ పోసిన సీసాలో ముంచా. నేను "దబావ్" అంటే ఆయన తొక్కి పట్టుకోవాలి. నిప్పల్ విప్పితే బుడగలొస్తాయి. బిగించి "ఛోడ్" అంటే వదలాలి. బుడగలు ఆగేదాకా ఇదే.

తొందరలో పైడబ్బా చూడలేదు. అది ఖాళీ అయి మళ్లీ గాలి పీల్చింది. చేసిందంతా మట్టి. ఉన్నది అర టిన్ను ఆయిల్. మొదటి నుంచి మొదలుపెట్టా. దబావ్. ఛోడ్. దబావ్. ఛోడ్. మూడూ ఇరవైకి పెడల్ గట్టిపడింది.

వంతెన మీద నీళ్లు తొడల దాకా వచ్చాయి. హవల్దార్ నడుముకు తాడు కట్టుకుని, కర్రతో నేల చూస్తూ ముందు నడిచాడు. వెనక నేను మొదటి గేర్లో. బట్టీ చేరేసరికి నాలుగింటికి పది తక్కువ.

బట్టీ కరిగిపోయింది. చుట్టూ నీళ్లు ఎర్రగా, చిక్కగా ఉన్నాయి. చింతచెట్టు కొమ్మల్లో ఇద్దరు మగవాళ్లు కనిపించారు. బట్టీది ఒక మూల మాత్రం మిగిలింది, గోనెసంచి పరిచేంత. దాని మీద మేకపిల్ల నిలబడి అరుస్తోంది. మెడలో తాడు. తాడు నీళ్లలోకి దిగి బిగిసి ఉంది.

నేనే దిగి తాడు లాగాను.

మిగతా ఇద్దరు, ఆమె మరిదీ ఇంకొకతనూ, రెండు రోజుల తర్వాత శవాలై దొరికారు.

కామఠీ తిరిగి వెళ్లాక విచారణ జరిగింది. కెప్టెన్ పుస్తకం తెరిచాడు. పేజీ ఖాళీ. బండికి ముందునుంచి ఏ లోపమూ లేదని, డ్రైవర్ తప్పు లేదని రాశాడు. కింద సంతకం పెట్టమన్నాడు. పెట్టా. నాకు వచ్చిన రాత అదొక్కటే.

ఇంకా పదకొండేళ్లు బండి నడిపి ఇంటికొచ్చా. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నా. నేర్పింది మా కోడలు, ఆదిలాబాద్ పిల్ల. గుణింతాలు అయ్యాక, మీ ఇష్టమొచ్చింది ఒకటి రాయండి అంది. పలక మీద రాశా: క్లచ్ పెడల్ మెత్తగా ఉంది.

"ఏంది మామా, అందరు దేవుని పేరు రాస్తరు గదా?" అని నవ్వింది.

ఇది ఎప్పుడో రాయాల్సింది బిడ్డా అన్నా. అంతకు మించి చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నా.

మా ఇంట్లో మేకల్ని పెంచనివ్వలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. కళ్లు మూస్తే ఆ మూల కనిపిస్తుంది. మేకపిల్ల నా వైపు చూస్తుంటుంది. తాడు ఎర్రనీళ్లలోకి దిగి, అట్లాగే బిగిసి ఉంటుంది.