మూడో గాటు

మా అత్తగారు పోయారు. పోయిన ఆదివారం, ఆరాధన మొదలయ్యే వేళకి, మా ఇంట్లోనే. వాక్యం చెప్పేవాణ్ణి కనుక ‘ప్రభువునందు నిద్రించారు’ అని రాయాలి నేను. కానీ ఆ మాట ఆవిడకి గిట్టదు. జీవితమంతా ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. “నిద్రపోయినోళ్ళు పొద్దున్నే లేస్తారండి, పోయినోళ్ళు లేవరండి. రెండూ కలిపేసి చెప్పకండి, చుట్టాలు ఆశ పెట్టుకుంటారు” అనేవారు. పునరుత్థానం సంగతి నేనెత్తితే, “ఆయ్, లేస్తారండి. అప్పటిదాకా దుప్పటి కప్పాలి కదండీ” అని కప్పేసేవారు.

సమాధుల తోట దగ్గర ఒక సహోదరుడు నా చెవిలో, “పెద్దావిడ మంచావిడే గానండీ, నోరు మాత్రం కత్తండీ” అన్నాడు. కాదని ఎలా అంటాను? ఎవరైనా వందనాలు చెప్పి చెయ్యి చాపితే, ఆవిడ ఆ చెయ్యి వదలకుండా నాడి చూసేవారు. పెదవులు కదుపుతూ లెక్కపెట్టి, “మీకింకా టైముందండి” అనేవారు. లేకపోతే, “పొలం పిల్లల పేర రాసేసేరాండీ?” అని అడిగేవారు. మా సంఘంలో సగంమంది ఆవిడకి దూరం నుంచే వందనం చేసేవారు.

నేను ఏ బైబిలు కళాశాలలోనూ చదవలేదు. నాకు నేనే చదువుకుని, సైకిలు మీద ముక్తేశ్వరం నుంచి అల్లవరం దాకా తిరిగి, గొంతు పగిలేలా చెప్పుకుంటూ వచ్చినవాణ్ణి. అలాంటివాడికి పిల్లనిచ్చి పొరపాటు చేశానని ఆవిడ ఏనాడూ దాచుకోలేదు. అయినా ‘అల్లుడుగారూ’ అనే పిలిచేవారు. ఆ ‘గారు’ ఎంత మెత్తగా పలికితే దాని వెనకొచ్చే మాట అంత లోతుగా దిగేది.

తొంభైల చివర్లో మా అమ్మాయి పుట్టింది. నెలలు గడిచినా మెడ నిలపలేదు. అందరం ‘కొంతమంది పిల్లలు ఆలస్యం’ అనుకుంటున్నాం. ఆవిడ వచ్చి, పాపని రెండు చేతుల్లో ఎత్తి, ముందుకోసారి వెనక్కోసారి వాల్చి చూసి, మంచం మీదున్న తన కూతురితో, “ఇది మెడ నిలపదే. నడవదు. మాటలొస్తాయో రావో తెలీదు. ఇంక నీకెవరు ఏం చెప్పినా అబద్ధమే” అన్నారు. కాకినాడలో పెద్ద డాక్టరు తరవాత అదే సంగతి మెత్తగా చెప్పాడు. మెత్తగా చెప్పినందుకు నొప్పేమీ తగ్గలేదు.

ఊళ్ళో ప్రశ్న మొదలైంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిన ప్రశ్నే: ఇది ఎవరి పాపం? సహోదరులారా, వీడూ కాదు, వీడి కన్నవాళ్ళూ కాదు అని ప్రభువు దానికిచ్చిన జవాబు మీ చేతుల్లో ఉన్న గ్రంథంలోనే ఉంది. జవాబు చదవరు, ప్రశ్న మాత్రం కంఠతా వచ్చు! ఒకావిడ మా అరుగు మీద కూర్చుని, “ఎవరి పాపమో తల్లీ” అని నిట్టూర్చింది. అత్తగారు లోపల్నుంచి వచ్చి, “ఆయ్, నాదేనండి. మీ చెయ్యి ఇలా ఇవ్వండి, ఓసారి నాడి చూస్తాను” అన్నారు. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయింది.

పాప ప్రాణం మీదికి తెచ్చింది మింగడం. పడుకోబెట్టి పాలు పడితే ఊపిరి గొట్టంలోకి పోయి మొహం నీలమయ్యేది. నిటారుగా కూర్చోబెడితే తల గుండెల మీదికి వాలి గొంతు మూసుకుపోయేది. ఒళ్ళో పెట్టుకుందామంటే ఉన్నట్టుండి ఒళ్ళు విల్లులా బిగుసుకుని చేతుల్లోంచి జారిపోయేది. ప్రతి గిన్నె పాలూ ఒక గండమే. మా అక్క కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటి వాళ్ళు వద్దనుకున్న పిల్లల బండి ఒకటి మోసుకొచ్చింది. నాలుగు చక్రాలు, నీలం గుడ్డ, తొయ్యడానికి పిడి. వీపు మాత్రం కుర్చీకి ఉన్నట్టు నిలువుగా, కదలకుండా బిగించేసి ఉంది.

అత్తగారు బండి చుట్టూ ఒకసారి తిరిగారు. “కుర్చీ ఉంది, మంచం ఉంది. ఈ పిల్ల బతకాల్సింది ఆ రెంటికీ మధ్యలోనండి. ఆ మధ్యలోది మనం చెయ్యాలి” అన్నారు.

మా మామగారు పోయాక ఆయన పడకకుర్చీ వాళ్ళింటి వసారాలో అలాగే ఉండేది. వెనక చెక్కలకి గాట్లు; అడ్డకర్రని ఏ గాట్లో పెడితే అంత వాలు. మర్నాడు నేను వెళ్ళేసరికి ఆవిడ దాన్ని బోర్లా పడేసి రంపం పట్టుకుని ఉన్నారు. నా భార్య గుమ్మంలో ఏడుస్తోంది.

“నాన్న కుర్చీ అమ్మా అది!”

“నాన్న లేచి వెళ్ళిపోయేడు. ఈ పిల్ల లేవలేదు. కుర్చీ ఎవరికి కావాలో నువ్వే చెప్పు.” తరవాత రంపం నా చేతికిచ్చి, “ప్రభువు వడ్రంగండీ. ఆయన దాసులకి రంపం పట్టుకోవడం రాదేంటండీ?” అన్నారు.

బండి వీపుని కూర్చునే చెక్క నుంచి విడగొట్టి, తలుపులకి వేసే మడతబందులతో మళ్ళీ కలిపాం. రెండు పక్కలా గాట్ల చెక్కలు నిలబెట్టాం. వీపు వెనక ఒక ఇనప కమ్మీ. అది ఆ గాట్లలో ఆనుతుంది. మామగారి కుర్చీ గాట్లు పెద్దమనిషికి కోసినవి, ఎడం ఎక్కువ. మధ్యలో కొత్తవి కోశాం. అయిదు తేలాయి. అన్నిటికన్నా కిందది నిద్రకి, కింది నుంచి మూడోది పాలకి. తల పక్కకి ఒరగకుండా బూరుగుదూది దిండ్లు, రొమ్ముకి అడ్డంగా నవారు పట్టీ.

పాపని వెంటనే పడుకోబెట్టనివ్వలేదు. పాప బరువుకి సరిపడా బియ్యం సంచిలో పోసి ఎక్కించారు. “కొట్టండి అల్లుడుగారూ. వాక్యం చెప్పేటప్పుడు బల్ల గుద్దుతారు కదా, అలా గుద్దండి. నరకం గురించి చెప్తున్నాననుకోండి.” గుద్దాను. సంచి చిరిగింది గాని వీపు జారలేదు. అందరం స్తోత్రం చెప్పాం.

బియ్యానికి ఒళ్ళు బిగుసుకోదని ఎవరికీ తట్టలేదు. పాపని ఎక్కించిన పూటే కమ్మీ గాట్లోంచి ఎగిరి, వీపు వెనక్కి పడి, పాప తల చెక్కకి ఠక్కున తగిలింది. బైబిల్లో ఒక దాది రాజుగారి మనవణ్ణి ఎత్తుకుని పారిపోతూ జారవిడిచింది, వాడి రెండు కాళ్ళూ కుంటివైపోయాయి. ఆ సంగతి నేను ఎన్ని ఊళ్ళలో చెప్పానో. ఆ దాది మొహం ఎలా ఉండి ఉంటుందో ఆ పూట మా అత్తగారిలో చూశాను.

మర్నాడు అత్తగారు చేసిన పని చూసినవాళ్ళు ఆవిణ్ణి రాక్షసి అన్నారు. కమ్మీ తీసేసి, పాపని బండిలో పెట్టి, తన రెండు అరచేతులూ వీపు వెనక ఆనించి, ఆ బిగుసుకోవడం వచ్చేదాకా కాచుకు కూర్చున్నారు. వచ్చింది. పాప కేకలు వీధి చివరికి వినపడుతున్నాయి.

“అమ్మా, ఎత్తుకోనీ!”

“ముట్టుకోకు. ఏడుపు తరవాత. ముందు వీపు.”

కళ్ళు మూసుకుని చేతులతో వింటున్నట్టు కూర్చున్నారు. నా భార్య నేలమీద తల బాదుకుంటోంది. అంతా సడలిపోయాక కళ్ళు తెరిచి, “వెనక్కి కాదండి, పైకి తంతోంది. మడమలు తన్నిపెట్టి లేస్తోంది. మన గాట్ల నోళ్ళు పైకి తెరుచుకున్నాయి కదా, కమ్మీ ఎగిరిపోక ఏంచేస్తుంది?” అన్నారు. అప్పుడు పాపని కూతురి చేతుల్లో పెట్టి, “ఇప్పుడు ఏడవండి ఇద్దరూ” అన్నారు.

కొత్త చెక్కలకి గాట్లు కొడవలి వంపుతో కోశాం. పాప ఎంత తన్నితే కమ్మీ అంత లోపలికి దిగుతుంది. తియ్యాలంటే వెనక నిలబడ్డ మనిషి వీపుని ముందుకి లాగి ఎత్తాలి. ఆ తరవాత ఒక్కసారి కూడా జారలేదు. మూడో గాట్లో పాలు గుటకలు గుటకలుగా దిగుతుంటే మేము ఆ చప్పుడు వింటూ కూర్చునేవాళ్ళం.

ఆ రోజుల్లోనే నేను, ఇంటి కప్పు విప్పి పక్షవాతం మనిషిని పరుపుతో సహా ప్రభువు ముందుకి దింపిన నలుగురి విశ్వాసం గురించి చెబితే, ఇంటికొచ్చాక ఆవిడ అన్నారు: “తాళ్ళు ఎవరు కట్టేరో చెప్పరేంటండి మీరు? ఒక్క మూల జారితే ప్రభువు నెత్తిమీద పడేవాడు.” అప్పటినుంచి ఆ వాక్యం తాళ్ళు లేకుండా చెప్పలేదు నేను.

పాపకి మాటలు రాలేదు. కానీ కమ్మీ గాట్లో పడ్డప్పుడల్లా ‘టక్’మనేది కదా, ఆ చప్పుడు నాలుకతో కొట్టడం నేర్చుకుంది. ఒకసారి కొడితే ఒక గాటు పైకి లేపమని. ఇంటికి ఎవరైనా వస్తే చూడాలని టక్, టక్. ఈ భూమ్మీద మా అమ్మాయికున్న భాష అంతే.

పాపకి నాలుగో ఏడు నడుస్తుండగా మా ఊరి కాలవ గట్టున ఉజ్జీవ కూటాలని సభలు పెట్టారు. బయటినుంచి వచ్చిన బోధకుడు. నేను ఆ రోజు అల్లవరంలో ఒక భూస్థాపనకి వెళ్ళాను. స్వస్థత మీద నమ్మకం ఉన్నవాళ్ళు దానికి సాక్ష్యంగా మందుసీసాలూ చేతికర్రలూ నీళ్ళలో పారెయ్యాలని ఆయన పిలుపిచ్చాడట. పారేశారు. ‘నీ కూతురు నడుస్తుంది, ఆ బండి నీ అవిశ్వాసం’ అన్నాడట నా భార్యతో. తల్లి కదా! పాపని ఒకరి ఒళ్ళో పడుకోబెట్టి, బండిని తనే గట్టు మీదినుంచి కాలవలోకి తోసేసింది. జనం చప్పట్లు.

పరలోకపు దేవుడు చూస్తున్నాడు, రాస్తున్నాను: ఇంకొకడి బిడ్డ ఊపిరి పణంగా పెట్టి విశ్వాసం చూపించుకునేవాడి మెడకి తిరగలిరాయి కట్టి సముద్రంలో పడేసినా తేలికైన శిక్షే!

అత్తగారు చీర ఎగ్గట్టి, గుర్రపుడెక్క తోసుకుంటూ రొమ్ములోతు నీళ్ళలోకి దిగారట. అరవై దాటిన మనిషి. బండిని గట్టెక్కించి, బురద కారుతూ, వేదిక ముందుకి తోసుకొచ్చి, “ఆయ్, నడుస్తుందండి అయ్యగారండీ. నడిచేదాకా కూర్చోవాలి కదండీ” అన్నారట. మైకు ఆ మాట పట్టుకుంది. చుట్టుపక్కల అందరూ విన్నారు.

ఆ పూట అన్నం వేళకి నేను ఇంటికొచ్చాను. నా భార్య గిన్నె కలిపి తెస్తే ఆవిడ లాక్కున్నారు. “నువ్వు కన్నావు గాని, దీనికి మింగడం నేర్పించింది నేను. ఇంక నీ చెయ్యి దీని నోటి దగ్గరికి రాకూడదు.”

కోపంలో అన్నమాట అనుకున్నాం. కాదు. ఏళ్ళు గడిచాయి. పాప పెరిగితే సైకిలు చక్రాలతో పెద్ద కుర్చీ చేశాం, గాట్ల చెక్కలు మాత్రం పాతవే బిగించాం. మూడు పూటలా చెంచా ఆవిడదే. నా భార్య గిన్నె కలిపి ఇచ్చి గుమ్మంలో నిలబడేది. ఎదురుగా ఉన్న కన్నబిడ్డకి ఒక్క ముద్ద పెట్టుకోవాలని ఆ నిలబడ్డం. “క్షమించమన్నాడు కదండీ ప్రభువు, ఏడు డెబ్భైలసార్లు...” అని నేను నసిగితే, “క్షమించేనండి. చెంచా ఇవ్వను” అన్నారు.

కిందటేడు పక్షవాతం ఆవిడ కుడివైపంతా పట్టుకుపోయింది. మాట పోయింది, మింగడం సగం పోయింది. మంచానికి వాలే వీపు కావాల్సొచ్చింది. ఈసారి చెక్కలు నేనే కోశాను. తీసుకెళ్ళి చూపిస్తే ఎడం బొటనవేలితో గాటు లోతు తడిమి, చెక్కని నేలకేసి కొట్టారు. మళ్ళీ కోశాను. రెండోది కొట్టలేదు.

ఆ రోజు నా భార్య తన తల్లి వెనక నిలబడి, వీపు ముందుకి లాగి, మూడో గాట్లో పెట్టింది. టక్. అవతల కుర్చీలోంచి పాప బదులుగా టక్ అంది. జావ గిన్నెతో నా భార్య ఎదురుగా కూర్చుంది. అత్తగారి ఎడమ కంట్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, నోరు తెరవడం లేదు.

“ఏడుపు తరవాత అమ్మా” అంది నా భార్య. “ముందు వీపు. గొంతులో పడుద్ది.”

ఆ మాట ఆవిడకి బాకులా దిగిందో, ఊరటయిందో నాకు తెలియదు. నోరు తెరిచారు. తల్లికి ఒక చెంచా, ఇటు తిరిగి కూతురికి ఒక చెంచా. ఏళ్ళ తరవాత నా భార్య చెయ్యి పాప నోటి దగ్గరికి వెళ్ళింది. అత్తగారు కన్నార్పకుండా చూశారు, ఎలా పెడుతోందో అని.

పోయిన ఆదివారం కూడా జావ తాగుతూనే పోయారు. వచ్చినవాళ్ళందరికీ నా భార్య చెప్పిన మాట ఒక్కటే: “గొంతులో అడ్డంపడి కాదండి. ఆ చెంచా శుభ్రంగా మింగిందండి.”

ఆవిణ్ణి ఉంచిన పెట్టె వాకిట్లో పందిరి కింద పెట్టారు. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. పాప కుర్చీ పక్కనే ఉంది, అందరినీ చూడాలని పై గాటు దాకా లేపి ఉంచాం. పక్షవాతం వచ్చాక అమ్మమ్మ అంత చదునుగా పడుకోవడం అది ఏనాడూ చూడలేదు. కాసేపు చూసి, టక్ అంది. ఒక సహోదరి దగ్గరికొచ్చి ‘ఉష్’ అంది. పాప ఆవిణ్ణి పట్టించుకోలేదు. నా వంక చూసి, మళ్ళీ పెట్టెలోకి చూసి, టక్ అంది. ఆగింది. టక్.

పెట్టె మూత ఎత్తిపట్టుకున్న ఇద్దరూ ఎందుకో తెలియకుండానే ఆగిపోయారు. నా భార్య తన తల్లి వీపు కిందికి చెయ్యి పెట్టి, అలాగే ఉండిపోయింది.

మూడుసార్లూ కొట్టాక పాప ఎదురుచూసింది. అమ్మమ్మ లేవలేదు. మళ్ళీ మొదటినుంచి కొట్టింది.