నీలాకు పడని గోధుమ రవ్వ

నిడమనూరు దగ్గరి తండాలో పుష్పాబాయి అంగన్‌వాడీ ఆయా. పొద్దున్నే గోధుమ రవ్వ ఉప్మా వండి ముప్పై మంది పిల్లలకు పెట్టేది. ఆ ముప్పై మందిలో అందరికంటే బక్కది ఆమె బిడ్డే. నాలుగేళ్ల నీలాకు కాళ్లు పుల్లల్లా ఉండేవి, పొట్ట మాత్రం కుండలా ఉబ్బేది. రోజుకు నాలుగైదుసార్లు విరేచనాలు.

"ఊరి పిల్లలకు వండుతది గానీ సొంత బిడ్డకు పెట్టదేమో" అన్నారు పంపు దగ్గర ఆడవాళ్లు. ఆ మాట చెవిన పడ్డాక పుష్పాబాయి నీలాకు రెండు గరిటెలు ఎక్కువ వేయసాగింది.

"వద్దు యాడీ, కడుపు నొస్తది" అని అమ్మతో అంటూ పిల్ల మొహం తిప్పుకునేది. అమ్మ బతిమాలేది, ఒక్కోసారి కసిరి తినిపించేది.

భర్త మంగ్త్యా మిర్యాలగూడలో రైసు మిల్లు హమాలీ. బిడ్డను భుజాన వేసుకుని దవాఖానలన్నీ తిరిగాడు. నులిపురుగుల మందు ఇచ్చారు, రక్తం పట్టడానికి టానిక్కులు, ఎముకలకు కాల్షియం మాత్రలు రాశారు. సీసాలు ఖాళీ అయ్యాయి గానీ పిల్ల పాలిపోయినట్టే ఉంది. ఎముకల్లో బలం లేక కాళ్లు వంకర తిరిగాయి.

1993 ఎండాకాలంలో హైదరాబాద్ తీసుకెళ్లారు. అక్కడ నోట్లోంచి గొట్టం వేసి, పేగు ముక్క తీసి పరీక్ష చేశారు.

"పాపకేం పెడతవమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"గోధుమ రవ్వ ఉప్మా మేడం. అందరికంటే ఎక్కువనే పెడత."

డాక్టరమ్మ పరీక్ష కాగితం చూపించింది. "గోధుమ ఈ పిల్ల పేగుకు పడదు. లోపలి పొర దెబ్బతిన్నది. అందుకే ఏం తిన్నా ఒంటికి పట్టలే, టానిక్కు సుత పట్టలే. ఇగ గోధుమ ఎన్నడూ ముట్టనియ్యకు. అన్నం, జొన్నరొట్టె పెట్టు."

"నా చేత్తోనే పెట్టిన మేడం" అంది పుష్పాబాయి. తిరుగు బస్సులో నీలాను ఒళ్లోంచి దించలేదు.

మర్నాటి నుంచి అంగన్‌వాడీలో నీలాకు వేరే గిన్నె పెట్టింది. తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరు, "ఒక్క పిల్లకు వేరే వంటేంది?" అని గద్దించింది.

"బియ్యం నావే, గిన్నె నాదే. పిల్ల బతకాలె గద మేడం" అంది పుష్పాబాయి, గరిటె కింద పెట్టకుండానే.

పెళ్లిళ్లలో పూరీలకు, కొట్లో బిస్కెట్లకు నీలా ఏడ్చేది. చేతిలోది లాక్కోవడం తల్లికి ప్రాణం పోయినట్టుండేది. కానీ నెలకల్లా విరేచనాలు ఆగాయి. టానిక్కు, కాల్షియం మాత్రలు ఈసారి పనిచేశాయి. వానాకాలంలో ఒకరోజు నీలా పళ్లెం ముందుకు తోసి, "యాడీ, ఇంకింత అన్నం" అంది. పుష్పాబాయి వడ్డించి, పొయ్యి వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది.

నీలా పదో తరగతి దాకా చదివింది. క్లాసులో పొట్టిది, ఎడమ కాలు కొంచెం వంకరగానే మిగిలింది. అయినా నిడమనూరు బడికి రోజూ నడిచే వెళ్లొచ్చేది.